అండర్ బ్రిడ్జి నీళ్లు, లోక్‌సభ నోటీసులు: ప్రతిపక్ష ఎంపీ ఆఫీసులో ఒక ఫైలుతో ఏడాది

2025 జనవరి ఆఖరులో, బడ్జెట్ సమావేశాలు ఇంకో రెండు మూడు రోజుల్లో మొదలవుతాయనగా, ఆ అర్జీ మా చేతికొచ్చింది. రైల్వే గేటు తీసేసి కట్టిన అండర్ బ్రిడ్జిలో వానాకాలమంతా నీళ్లు నిలుస్తున్నాయి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తిరగలేకపోతున్నారు, ఎంపీగారు పార్లమెంటులో మాట్లాడాలి. ఇదీ అందులోని విషయం. నేను ఎంపీగారి దగ్గర పార్లమెంటు పనులు చూసే సహాయకుడిని. మాది ప్రతిపక్షం. ఏడాది తిరిగేలోపు ఆ ఫైలు జీరో అవర్ (సభ్యులు తక్షణ సమస్యలు లేవనెత్తే సమయం), కోత తీర్మానం, ప్రశ్న, 377 నోటీసు (లోక్‌సభ నియమం 377 కింద ఒక సమస్యని సభ దృష్టికి తెచ్చే నోటీసు) అన్నిటి గుండా వెళ్లింది. ఏ దారిలో ఎంత కాలం పట్టిందో, ఎక్కడ ఎందుకు ఆగిందో వరసగా రాస్తున్నాను. ఊరి సమస్య పట్టుకుని ఎంపీ ఆఫీసుకి వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.

అర్జీ రెండు పేజీలు, కింద సంతకాలు, వేలిముద్రలు. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. మిరప కాయలు మార్కెట్‌కి వేసుకెళ్లే ట్రాక్టర్లు చుట్టూ తిరిగి పోతున్నాయి, బడిపిల్లలు పట్టాలు దాటుతున్నారు, 108 బండి బ్రిడ్జి అవతలే ఆగిపోతోంది. అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ బ్రిడ్జి ఎక్కడుందన్న వివరం. ఊరి పేరు రాస్తే ఢిల్లీలో ఎవరికీ తెలియదు. రైల్వేకి తెలిసింది కిలోమీటరు, బ్రిడ్జి నంబరు. రెండూ అక్కడే ఉంటాయి: నంబరు బ్రిడ్జి గోడ మీద పెయింటుతో రాసి ఉంటుంది, కిలోమీటరు పైన పట్టాల పక్కనున్న కరెంటు స్తంభం పలక మీద ఉంటుంది. పట్టాలెక్కకుండా కింద నుంచే ఫోన్‌లో జూమ్ చేసి ఫొటో తీయమన్నాం.

జనవరిలో నీళ్లుండవు కదా, సాక్ష్యం ఏం చూపిస్తామని వాళ్లు అడిగారు. లోపలి గోడ మీద నీటి మరక ఉంటుంది చూడండి, నేల నుంచి ఆ మరక దాకా టేపు పెట్టి ఫొటో తీయండి అన్నాం. మరక నాలుగడుగుల పైన ఉంది. ఆ ఒక్క ఫొటో తర్వాత ఏడాదంతా పనిచేసింది. ఇంకో రెండు అడిగాం. ఒకటి, గతంలో ఇచ్చిన అర్జీల నకళ్లు, వాటి మీద ఇన్‌వర్డ్ ముద్ర కనిపించేలా. రెండోది, రైల్వే హద్దు రాయి ఎక్కడుందో చూపించే చేతి పటం. ఈ రెండోది ఎందుకంటే, లోక్‌సభలో రాష్ట్ర ప్రభుత్వం పరిధిలోని విషయం అడిగితే ప్రశ్న తిరస్కరిస్తారు. పట్టాల కింది కాంక్రీటు పెట్టె, దాని అడుగు, నీళ్లు తోడే సంపు రైల్వేవి. హద్దు దాటాక వాగు దాకా కాలువ రాష్ట్రానిది. అది నల్లరేగడి నేల, నీళ్లు ఇంకవు, కాలువ పూడితే ఎటూ పోవు. ఏ ముక్క ఎవరిదో తేలకుండా కాగితం రాస్తే ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి మనమే దారి ఇచ్చినట్టు. ఇవన్నీ కూడేసరికి ఫిబ్రవరి 13న మొదటి విడత సమావేశాలు అయిపోయాయి.

ఆ మధ్యలోనే ఎంపీగారి సంతకంతో రైల్వే మంత్రిగారికి ఉత్తరం వెళ్లింది. ఎంపీ రాసిన ఉత్తరానికి 15 రోజుల్లో అందినట్టు జవాబు, ఆ తర్వాత 15 రోజుల్లో అసలు జవాబు ఇవ్వాలని కేంద్ర సచివాలయ కార్యాలయ విధానంలోనే ఉంది. పార్టీ చూడరు. అందినట్టు కాగితం వచ్చింది. అసలు జవాబు ఆలస్యమైంది, ఎందుకంటే ఉత్తరం రైల్వే బోర్డు నుంచి జోన్‌కి, అక్కడి నుంచి డివిజన్‌కి దిగి, నివేదిక మళ్లీ అదే దారిలో పైకెక్కాలి. ఇందులో ఎవరినీ తిట్టుకుని లాభం లేదు. ఆ ఉత్తరం తేదీ, నంబరు మాత్రం జాగ్రత్తగా పెట్టుకోవాలి. తర్వాత ప్రతి నోటీసులోనూ అదే మొదటి ఆధారం.

మార్చి 10న రెండో విడత మొదలైంది. ఊళ్లో అందరూ ఎదురుచూసేది జీరో అవర్ కోసమే, ఎందుకంటే అది టీవీలో కనిపిస్తుంది. 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాలు, 12 తర్వాత జీరో అవర్. నోటీసు ముందు రోజు సాయంత్రం నుంచి ఆ రోజు ఉదయం గడువు దాకా లోక్‌సభ సభ్యుల పోర్టల్‌లో ఇవ్వాలి. ఓటీపీ ఎంపీగారి ఫోన్‌కే వస్తుంది. ఆయన విమానంలో ఉంటే ఆ రోజుకి నోటీసు లేనట్టే. అందుకే ఆదివారం రాత్రి నియోజకవర్గం నుంచి బయల్దేరే ముందే ముసాయిదా ఆయన ఫోన్‌లో ఉండేలా చూసేవాళ్లం. ఆ తర్వాత లాటరీ తీస్తారు. రోజుకి 20 అంశాలు మామూలు. లాటరీకి అధికార పక్షం, ప్రతిపక్షం తేడా లేదు. మీది ప్రతిపక్షం కదా, మీకు అవకాశం ఎవరిస్తారని అడిగేవాళ్లకి ఇది చెప్పాలి: లాటరీలో, ప్రశ్నల్లో పార్టీ చూడరు. చర్చల్లో సమయం, 377 కింద వాటా మాత్రం పార్టీ బలాన్ని బట్టి వస్తాయి. చిన్న పార్టీ అయితే తక్కువ.

పేరు రాని రోజులే ఎక్కువ. ఒక రోజు జాబితా చివర్లో వచ్చింది, మా వంతు రాకముందే సభ వాయిదా పడింది. ఆ నోటీసు మర్నాటికి చెల్లదు, మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలి, మళ్లీ లాటరీ. ఊళ్లో టీ కొట్టు దగ్గర జనం సంసద్ టీవీ పెట్టుకుని కూర్చున్నారని తెలుసు. “ఏమైంది సార్, మా పేరు రాలేదే?” అని ఫోన్ వస్తే వాయిదా సంగతి చెప్పడం నాకు ఈ పనిలో అన్నిటికన్నా కష్టమనిపించింది. వాళ్లకి వాయిదా అంటే మేం వదిలేశామనే వినిపిస్తుంది.

మార్చి ఆఖరుకి మైకు దొరికింది. దక్కేది నిమిషం, మహా అయితే రెండు. తెలుగులో మాట్లాడొచ్చు, అనువాదకులు ఉంటారు, కానీ ప్రసంగం నకలు ముందే అందించడం మంచిది. కిలోమీటరు, బ్రిడ్జి నంబరు గబగబా చదివితే అనువాదంలో జారిపోతాయి. మేం రాసింది నూట ఇరవై మాటల లోపే: ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏం కావాలి. దండాలు, కృతజ్ఞతలు ఒక్క వాక్యంలో తేల్చేశాం, ఎందుకంటే గంట మోగేది సరిగ్గా అడగాల్సిన మాట దగ్గరే. పక్క నియోజకవర్గాల ఎంపీలు చీటీ పంపి తమ పేరు జత చేసుకోవచ్చు. ఒకరిద్దరు చేశారు, అది రికార్డులో ఉంటుంది. వీడియో ఊరంతా తిరిగింది, సంతోషించారు, మేమూ సంతోషించాం. అయితే జీరో అవర్‌లో మాట్లాడినదానికి మంత్రి అక్కడికక్కడే జవాబు చెప్పాల్సిన పని లేదు. ఆ భాగం పార్లమెంటరీ వ్యవహారాల శాఖ ద్వారా సంబంధిత శాఖకి వెళ్తుంది, అంతే.

అదే నెలలో రైల్వే పద్దుల మీద, అంటే ఖర్చుకి సభ మంజూరు చేయాల్సిన మొత్తాల మీద చర్చ వచ్చింది. ఇక్కడ ప్రతిపక్షానికి ఒక ఆయుధం ఉంది, చాలామంది వాడరు. కోత తీర్మానం. పద్దులో 100 రూపాయలు తగ్గించాలని ప్రతిపాదించి, ఫలానా చోట ఫలానా ఇబ్బంది ఉందని ఒక్క వాక్యంలో రాస్తారు. ఒక రోజు ముందు నోటీసు చాలు. పది సమస్యలుంటే పది రాయొచ్చు. చివర్లో అన్నిటినీ కలిపి ఓటుకి పెడతారు, అన్నీ వీగిపోతాయి, అది ముందే తెలిసిందే. మరి లాభమేంటంటే, మన బ్రిడ్జి కిలోమీటరుతో సహా అచ్చయి సభ్యులకి పంచిన జాబితాలోకి ఎక్కుతుంది. మాట్లాడటానికి మూడు నిమిషాలే దొరికే పార్టీకి ఇది చాలా విలువైన దారి.

సభ దాకా వెళ్లే దారుల్లో ఇంకొకటి, పిటిషన్. ఊరివాళ్లు నేరుగా సభకే విన్నపం పెట్టుకోవడం, ఎంపీ దాని మీద సంతకం చేసి సమర్పించడం. మేం ఆలోచించి వదిలేశాం. తెలుగులో రాస్తే ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జతచేసి అర్జీదారు దాని మీదా సంతకం పెట్టాలి. ఫొటోలు, ఉత్తరాలు, అఫిడవిట్లు జతచేయకూడదు. మా బలమంతా ఫొటోల్లోనే ఉంది మరి.

ఏప్రిల్ 4న సమావేశాలు ముగిశాయి. అసలు పని వర్షాకాల సమావేశాల ప్రశ్నది. దీని గురించి కొంచెం విడమర్చి చెప్పాలి.

ప్రశ్నకి పూర్తిగా 15 రోజుల ముందు నోటీసు ఉండాలి. నోటీసు ఇచ్చిన రోజూ, జవాబు రోజూ లెక్కలోకి రావు. ఒక్కో శాఖకి వారంలో ఒక రోజు కేటాయించి ఉంటుంది. లోక్‌సభలో రైల్వేకి బుధవారం. కాబట్టి జూలై 21న మొదలయ్యే సమావేశాల ప్రశ్నలు జూన్ ఆఖరు, జూలై మొదట్లోనే వెళ్లిపోవాలి. సమావేశాలు మొదలయ్యాక అర్జీ పట్టుకొచ్చేవాళ్లకి ఆ విడతలో మిగిలేవి చివరి వారాలే. ఒక రోజుకి ఒక సభ్యుడు అయిదు నోటీసులు ఇవ్వొచ్చు. లాటరీలో ఎంపికైనవాటిలో 20 చుక్క గుర్తువి, 230 చుక్క గుర్తు లేనివి. చుక్క గుర్తుంటే మంత్రి సభలో నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లేకపోతే రాతపూర్వక జవాబు.

ఊరి నుంచి వచ్చే మొదటి ముసాయిదా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: “రైల్వే నిర్లక్ష్యం వల్ల వేలాది ప్రజలు నరకం చూస్తున్న మాట వాస్తవమేనా, దోషులపై చర్యలేవి?” ఇందులో ప్రతి ముక్కా కొట్టేస్తారు. ప్రశ్నలో వాదన, ఆరోపణ, వ్యంగ్యం ఉండకూడదు, అభిప్రాయం అడగకూడదు, 150 మాటలు మించకూడదు. చివరికి వెళ్లింది ఇలా ఉంది:

(ఎ) ఫలానా డివిజన్‌లో గత మూడేళ్లలో లెవెల్ క్రాసింగ్‌లు తొలగించి నిర్మించిన అండర్ బ్రిడ్జిలెన్ని;
(బి) వాటిలో నీరు నిలుస్తోందని ఫిర్యాదులు అందినవి ఏవి, కిలోమీటరు వారీగా;
(సి) ఫలానా కిలోమీటరు వద్ద బ్రిడ్జికి సంపు, పంపు, పక్క కాలువ మంజూరయ్యాయా, అయితే ఏ తేదీన, ఎంత మొత్తంతో;
(డి) కాకపోతే కారణాలేమిటి;
(ఇ) పని పూర్తికి నిర్ణయించిన గడువు ఏది?

(ఎ) దేశమంతటి గురించి అడిగితే వచ్చే జవాబు కూడా దేశమంతటి గురించే ఉంటుంది, మన ఊరు అందులో మునిగిపోతుంది. ఒక్క బ్రిడ్జి గురించే అడిగితే మరీ చిన్న విషయమని పక్కకి పోవచ్చు. డివిజన్ స్థాయి సరిపోతుంది. (సి)లో తేదీ, మొత్తం విడిగా అడగాలి. “చర్యలు తీసుకుంటున్నారా” అని మాత్రం అడిగితే “తీసుకుంటున్నాం” అన్న జవాబుతో ఆ ప్రశ్న పూర్తయిపోతుంది. పైగా అదే విషయం తిరిగి అడిగే దారీ మూసుకుపోతుంది.

ఇక చుక్క గుర్తు సంగతి. ఊళ్లో అందరూ మంత్రిని నిలబెట్టి అడగాలనే అంటారు. ప్రతిపక్ష ఎంపీ ఆఫీసులో కూర్చున్నవాడిగా నా మాట వేరు. ఆ వర్షాకాల సమావేశాల్లో బీహార్ ఓటర్ల జాబితా సవరణ మీద చర్చ కావాలని ప్రతిపక్షం పట్టుబట్టింది, సభ చాలా రోజులు నడవలేదు. 120 గంటలు చర్చ జరపాలనుకుంటే జరిగింది 37 గంటలు. 419 చుక్క గుర్తు ప్రశ్నలు జాబితాకెక్కితే సభలో నోటితో జవాబు వచ్చినవి 55. మిగతావాటికీ రాతపూర్వక జవాబే దక్కింది, అంటే చుక్క గుర్తు లేని ప్రశ్నకి వచ్చేదే. ఒక సభ్యుడికి రోజుకి ఒక్క చుక్క గుర్తు ప్రశ్నే జాబితాలోకి వస్తుంది కాబట్టి, దాన్ని ఊరి సమస్యకి ఖర్చుపెట్టే ముందు సభ నడిచే వాతావరణం ఉందో లేదో చూసుకోవాలి. మా ప్రశ్న చుక్క గుర్తు లేకుండానే వచ్చింది.

ఎంపీగారు ఆ రోజుల్లో పడిన నలుగుడు దగ్గరగా చూశాను. ఉదయం ప్లకార్డు పట్టుకుని వెల్‌లో (స్పీకర్ కుర్చీ ముందున్న జాగాలో) నిలబడటం, అదే సభ నడిస్తే తన నియోజకవర్గం అంశం చదవాల్సి ఉండటం. ఓటు హక్కు మీద పార్టీ తీసుకున్న నిర్ణయం ఆయన మనస్ఫూర్తిగా నమ్మినదే. సాయంత్రం సౌత్ అవెన్యూలో ఫ్లాట్‌కి వచ్చాక మొదట అడిగేది మాత్రం “అండర్ బ్రిడ్జి కాగితం ఎందాకా వచ్చింది?” అనే. రెండూ ప్రజల పనే, రెండూ ఒకే గంటలో పడ్డాయి. అప్పటి నుంచి మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాం: మైకు లేకపోయినా, సభ వాయిదా పడినా బతికి ఉండే కాగితం ఒకటి ప్రతి సమస్యకీ ముందే దాఖలై ఉండాలి. ప్రశ్న అలాంటిది, 377 అలాంటిది. జీరో అవర్ అలాంటిది కాదు.

ఆగస్టు మొదటి బుధవారం జవాబు వచ్చింది. మధ్యాహ్నానికి వెబ్‌సైట్‌లో పెట్టేశారు. ఇతర ఎంపీలు అడిగిన అలాంటి ప్రశ్నలతో కలిపేసి ఒకే జవాబు, కింద అనుబంధ పట్టిక. పేరు చూసుకుని ఆగిపోకుండా పట్టిక చివరి దాకా చదవాలి, మనకి కావలసింది అక్కడే ఉంటుంది. మా కిలోమీటరు ఉంది. రాష్ట్ర అధికారులతో కలిసి తనిఖీ చేసి కాలువ ప్రతిపాదనను పరిశీలిస్తున్నామని రాశారు. ఊరివాళ్లకి అది ఫోన్‌లో చదివి వినిపిస్తే అవతల కాసేపు నిశ్శబ్దం. “పరిశీలిస్తున్నామంటే చేయమనే కదా సార్?” అన్నారు. కాదు. సభలో ఇచ్చిన జవాబులో పరిశీలనలో ఉందనో, సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతామనో ఉంటే దాన్ని హామీగా లెక్కకట్టే కమిటీ ఒకటుంది, ప్రభుత్వ హామీల కమిటీ. మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే గడువు పెంచమని శాఖ ఆ కమిటీనే అడగాలి, కారణం రాయాలి. అంటే ఫైలు దానంతటదే మూతపడదు. ఆ ఏడాదిలో నాకు గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించిన రోజు అదే. వీడియో వచ్చిన రోజు కూడా అంత అనిపించలేదు.

హామీ నడుస్తుండగానే వానలు పడ్డాయి, బ్రిడ్జి నిండింది. ఈసారి ఊరివాళ్లు తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పంపారు. అక్టోబరులో డివిజన్ ఇంజినీర్లు, రోడ్లు భవనాల శాఖవాళ్లు కలిసి వచ్చి చూశారు. తేలింది మూడు సంగతులు: బ్రిడ్జి అడుగు పక్కనున్న వాగు మట్టం కన్నా లోతులో ఉంది, పెట్టె అతుకుల్లోంచి ఊట నీరు కారుతోంది, రెండు వైపులా రోడ్డు దిగేచోట ఎత్తు కట్టలు లేక పొలాల నీళ్లు నేరుగా లోపలికి దిగుతున్నాయి. అతుకులు మూయడం, సంపు, పంపు రైల్వే చేస్తుంది. కాలువ పూడిక, కట్టలు రాష్ట్రం వైపు. తనిఖీకి ఊరి నుంచి ఇద్దరిని మించి వెళ్లొద్దని ముందే చెప్పాం. గుంపుగా వెళ్తే అది ధర్నా అవుతుంది, ఇంజినీరు కొలతలు రాసుకోకుండా వెళ్లిపోతాడు.

డిసెంబరు 1 నుంచి 19 దాకా శీతాకాల సమావేశాలు. నియమం 377 కింద నోటీసు ఇచ్చాం: 250 మాటలు మించకూడదు, ఒకే అంశం, ఆమోదించిన పాఠంలో ఒక్క మాటా మార్చకూడదు, సభ్యుడికి వారానికి ఒకటే. ఎంపికైన రోజు గొడవలో చదవడం కుదరకపోతే పాఠాన్ని సభకి సమర్పించినట్టు తీసుకుంటారు, మాదీ అలాగే అయింది. చదివినా సమర్పించినా విలువ ఒకటే, శాఖ నెల రోజుల్లో ఎంపీకి జవాబు రాయాలి.

అప్పుడే ఊరి నుంచి కొందరు ఢిల్లీ వచ్చారు. స్లీపర్ టికెట్లు, ఆటోలు, తిండి కలిపి మనిషికి నాలుగు వేల పైనే అయింది, చందాలేసుకున్నారు. ఆంధ్రా భవన్‌లో భోజనం పెట్టించాం. గ్యాలరీ పాస్‌కి ఆధార్ వివరాలు ముందే ఇవ్వాలి, ఫోన్లు లోపలికి రానివ్వరు, పాస్ గంటసేపే, ఆ గంటలో సభ వాయిదాలో ఉంటే అంతే. వాళ్లని చూసి గౌరవం కలిగింది, అయినా చెప్తున్నాను: ఈ పనికి ఢిల్లీ రానక్కర్లేదు. ఏ నోటీసుకీ రుసుము లేదు, మధ్యవర్తి లేడు. ఎవరైనా ప్రశ్న వేయిస్తామని డబ్బడిగితే ఇవ్వొద్దు, అది నేరం. ఆ నాలుగు వేలు ఊళ్లో ఒక సర్వేయర్‌తో కాలువ మట్టాలు తీయించడానికి పెడితే ఫైలుకి ఎక్కువ బలం.

ఇప్పటికి బ్రిడ్జి పరిస్థితి ఇది. అతుకులు మూశారు. సంపు తవ్వారు, పంపు అంచనా మంజూరైంది, టెండరు పిలవాలి. రోడ్డు దిగేచోట ఒక వైపు కట్ట వేశారు. కాలువ పూడిక రాష్ట్రం వైపు అలాగే ఉంది, దాని కోసం ఎమ్మెల్యేగారి ద్వారా అసెంబ్లీలో ప్రశ్న వేయించమని కాగితాల కట్ట ఒకటి అటు ఇచ్చాం. బడ్జెట్ సమావేశాలకి తర్వాతి ప్రశ్న సిద్ధమవుతోంది. పాత ప్రశ్న నంబరు, జవాబు తేదీ పైన రాసి, ఈసారి అడగబోయేవి రెండే: పంపు టెండరు ఏ తేదీన పిలుస్తారు, జూన్ లోపు బిగిస్తారా.